కారు వెనక యాక్సిల్, స్ప్రింగులు తక్కువ ఖర్చులో మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

2024 ఎండాకాలంలో మా 2012 స్విఫ్ట్‌కు వెనక యాక్సిల్, రెండు స్ప్రింగులు మార్పించాను. అప్పటి నుంచి హనుమకొండలో మా కాలనీవాళ్ళు, ఆఫీసువాళ్ళు, భూపాలపల్లి నుంచి మా బావగారు, అందరూ అవే డౌట్లు అడుగుతున్నారు. ఫోన్‌లో చెబితే ఏదో ఒకటి మిగిలిపోతోంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ముందు చక్రాలు లాగే చిన్న కార్లు, వెనక చుట్ట స్ప్రింగులు ఉన్నవి మనసులో పెట్టుకుని రాసినవి ఇవి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## పని మొదలుపెట్టే ముందు

బండి వెనక ఒక పక్కకు కుంగినట్టుంది. స్ప్రింగు పోయిందా, యాక్సిల్ వంగిందా? నేనే చూసుకోగలనా?

చూసుకోవచ్చు. డిక్కీ ఖాళీ చేసి, నాలుగు టైర్లలో గాలి సరిచేయించి, బండిని సమంగా ఉన్న గచ్చు మీద నిలపండి. చక్రం నడిమధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కొలవండి. ఎడమకూ కుడికీ ఒక సెంటీమీటరు దాటి తేడా వస్తే స్ప్రింగును అనుమానించాలి. తర్వాత టార్చి వేసి స్ప్రింగు కింది చుట్టు చూడండి. మాది అక్కడే విరిగింది. స్ప్రింగు కూర్చునే గిన్నెలో ఎర్రమట్టి గడ్డకట్టి ఉంది. స్క్రూడ్రైవరుతో గీకితే వేలెడంత ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. విరిగిన చోట సగం తుప్పుపట్టి నల్లగా ఉంది, మిగతా సగం తళతళ మెరుస్తోంది. అంటే పగులు ఎప్పుడో మొదలైంది, ఏదో ఒక గుంతలో పూర్తిగా తెగింది.

యాక్సిల్ వంగితే లక్షణాలు వేరుగా ఉంటాయి. వెనక టైరు లోపలి అంచో బయటి అంచో ఒక్కటే అరిగిపోతుంది. స్టీరింగ్ నిటారుగా పట్టినా బండి కొంచెం వాలుగా పోతున్నట్టు వెనక వచ్చేవాళ్ళకు కనిపిస్తుంది. ఖాయం చేసుకోవాలంటే నాలుగు చక్రాలనూ చూసే కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించి, ప్రింటులో వెనక చక్రాల అంకెలు అడగండి. ముందు చక్రాలవి మాత్రమే చూసి పంపించేసే షాపులు ఎక్కువ, అడిగితేనే ఇస్తారు.

ముందు చక్రాలే కదా బండిని లాగేది, మరి వెనక యాక్సిల్ చేసే పనేంటి?

ఈ కార్లలో వెనక యాక్సిల్‌కు ఇంజన్‌తో సంబంధం లేదు. లోపల తిరిగే రాడ్డు, గేర్లు ఏమీ ఉండవు. రెండు పక్కలా రెండు చేతులు, వాటిని కలుపుతూ ఒక అడ్డదూలం, అంతే. చేతుల ముందు కొసలు రబ్బరు బుష్‌లతో (ఇనుప గొట్టం చుట్టూ రబ్బరు ఉండే ముక్కలు) బాడీకి తగిలి ఉంటాయి, వెనక కొసలకు చక్రాలు ఉంటాయి. ఒక చక్రం గుంతలో దిగినప్పుడు ఆ దూలం మెలితిరిగి మళ్ళీ మామూలుకు వస్తుంది. టార్షన్ బీమ్ అని పేరు వచ్చింది అందుకే. బొలెరో, అంబాసిడర్ లాంటి వెనక చక్రాలు లాగే బండ్లకు కమాన్ పట్టీలు, ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె (డిఫరెన్షియల్) ఉంటాయి. ఆ పని పూర్తిగా వేరు.

షెడ్డులో యాక్సిల్ మొత్తం మార్చాలంటున్నారు. బుష్‌లు మారిస్తే సరిపోదా?

చాలా బండ్లకు సరిపోతుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు వెనక నుంచి దడ్ దడ్ అని చప్పుడు వస్తుంటే, మలుపులో వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా తిరిగినట్టు అనిపిస్తే, మొదట బుష్‌లనే చూపించుకోండి. ఇనుప రాడ్డుతో యాక్సిల్ చేతిని కొంచెం ఎత్తి చూస్తే రబ్బరు చిరిగిందో లేదో తెలిసిపోతుంది. యాక్సిల్ మార్చాల్సిన కారణాలు మూడే: దూలం వంగడం, అతుకుల దగ్గర పగులు, స్ప్రింగు గిన్నె తుప్పుతో చిల్లు పడడం. ఈ మూడింటిలో ఏది జరిగిందో చేత్తో చూపించమని మెకానిక్‌ను మర్యాదగా అడగండి. నిజంగా ఉంటే ఏ ఉస్తాదైనా చూపిస్తాడు.

వంగిన యాక్సిల్‌ను కాల్చి సరిచేస్తామంటున్నారు. డబ్బు మిగులుతుంది కదా?

దయచేసి ఆ పని చేయించకండి. దూలం ప్రతి గుంతకూ మెలితిరిగే ఇనుము. ఎర్రగా కాల్చితే దాని బలం మారిపోతుంది, వెల్డింగ్ పెడితే ఆ అతుకు పక్కనే కొత్త పగులు మొదలవుతుంది. బయటికి నున్నగా కనిపిస్తుంది, తెగేది మాత్రం ఫుల్ లోడు మీద, స్పీడులో. స్క్రాప్‌లో వంకర లేని పాత యాక్సిల్ దొరుకుతుండగా ఆ రిస్కు ఎందుకు?

స్ప్రింగు విరిగినా బండి నడుస్తోంది. జీతం వచ్చేదాకా ఆగొచ్చా?

విరిగిన కొస కింది గిన్నెలోనే ఉంటే, ఖాళీ బండితో ఊళ్ళో మెల్లగా షెడ్డు దాకా పోవచ్చు. అంతకు మించి వద్దు. స్ప్రింగు పక్కకు జారితే పదునైన కొస టైరు లోపలి గోడను కోస్తుంది, అది హైవే మీద జరిగితే బండి చేతిలో ఉండదు. పిల్లలను ఎక్కించుకుని హైదరాబాద్ పోవాల్సి ఉంటే బస్సులో పొండి.

మాది ఏపీ 36 నంబరు బండి. ఇంత పాతదానికి ఖర్చు పెట్టడం దండగ కాదా?

వరంగల్‌కు ఏపీ 36 ఉన్న రోజుల బండి అంటే 2014కు అటుదే. 15 ఏళ్ళు నిండాక తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసుకుంటే ఇంకో 5 ఏళ్ళు తిప్పుకోవచ్చు. నా లెక్కలో వయసు కంటే ముఖ్యమైనది ఒకటుంది: యాక్సిల్ చేతులు బాడీకి తగిలే చోటు. కింద పడుకుని అక్కడి రేకును స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడండి. ఖణేల్ మంటే ఖర్చు పెట్టొచ్చు. మెత్తగా డొక్కు చప్పుడు వచ్చి పెచ్చులు రాలితే, ఎంత మంచి యాక్సిల్ తెచ్చినా దాన్ని పట్టుకునే బలం బాడీకి లేనట్టే. అలాంటి బండి మీద రూపాయి పెట్టొద్దు.

ఇన్సూరెన్స్‌లో వస్తుందా?

అరుగుదలకు, తుప్పుకు రాదు. డివైడర్‌కు తగిలి వంగిందంటే, థర్డ్ పార్టీతో పాటు సొంత డ్యామేజీ కవర్ కూడా ఉంటే క్లెయిమ్ చేయొచ్చు. కానీ మామూలు పాలసీలో 5 నుంచి 10 ఏళ్ళ బండి ఇనుప భాగాలకు 40 శాతం, 10 ఏళ్ళు దాటితే 50 శాతం తరుగు కోస్తారు. రబ్బరు భాగాలకు ఎప్పుడైనా 50 శాతమే. పైగా నో క్లెయిమ్ బోనస్ పోతుంది. 50 శాతం బోనస్ దాకా వచ్చినవాళ్ళు రెండు లెక్కలూ కాగితం మీద వేసుకుని నిర్ణయించుకోండి.

## సామాను కొనేటప్పుడు

మొత్తం ఎంతవుతుంది?

మా బండికి అయింది ఇది. పాత యాక్సిల్ 6,500, కొత్త బుష్‌ల జత 1,100, కొత్త స్ప్రింగుల జత 3,600, స్ప్రింగు రబ్బర్లు 600, బ్రేక్ ఆయిల్ 300, కూలి 3,000, అలైన్‌మెంట్ 500. కలిపి 15,600 రూపాయలు. అన్నీ కొత్తవే వేసేలా ఒక షోరూములో ఇచ్చిన అంచనా దీనికి దాదాపు మూడింతలు. మీ మోడలును బట్టి, ఊరిని బట్టి అటూ ఇటూ అవుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, కొత్త సామానుకు బిల్లు తీసుకునేటప్పుడు ఆ రేటు వేశారో లేదో చూసుకోండి.

దేంట్లో తగ్గించుకోవచ్చు, దేంట్లో తగ్గించుకోకూడదు?

యాక్సిల్ దూలం పాతది తీసుకోవచ్చు, వంకర లేకపోతే అది కొత్తదానిలాగే పనిచేస్తుంది. స్ప్రింగులు, బుష్‌లు, బ్రేక్ గొట్టాలు, బ్రేక్ ఆయిల్ మాత్రం కొత్తవే వేయండి. అలసిపోయే సామాను పాతది కొంటే, ఎవరో వాడేసిన ఆయుష్షును మీరు డబ్బిచ్చి కొంటున్నట్టు.

స్క్రాప్‌లో యాక్సిల్ ఎట్లా చూసి తీసుకోవాలి?

వరంగల్ ఆటోనగర్‌లో నేను నాలుగు యాక్సిళ్ళు తిప్పి చూసి ఐదోది తీసుకున్నాను. తొందరపడకండి, సగం డబ్బు మిగిలేది ఇక్కడే.

ముందు మోడలు, సంవత్సరం, పెట్రోలా డీజిలా, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉందా లేదా అన్నవి కలవాలి. ఏబీఎస్ ఉన్న యాక్సిల్‌కు సెన్సర్ పెట్టే చోటు ఉంటుంది. అది లేని యాక్సిల్ తెస్తే ఇంటికొచ్చాక ఏమీ చేయలేరు. మీ పాత యాక్సిల్ ఫోటోలు నాలుగు వైపుల నుంచి తీసుకుని పొండి.

తర్వాత యాక్సిల్‌ను సిమెంటు గచ్చు మీద పెట్టించండి. ఒక దారం తీసుకుని ఎడమ బుష్ రంధ్రం నుంచి కుడి చక్రం బిగించే చోటికి, కుడి బుష్ రంధ్రం నుంచి ఎడమ చక్రం చోటికి మూలమూలకు కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉండాలి. నాకు మూడో యాక్సిల్‌లో దారం దాదాపు వేలు మందం తేడా చూపించింది, కంటికి మాత్రం చక్కగా కనిపించింది. షాపతను కూడా దారం పట్టుకుని చూసి దాన్ని పక్కన పెట్టేశాడు.

వైర్ బ్రష్‌తో అతుకుల దగ్గర, స్ప్రింగు గిన్నెల్లో బాగా రుద్దండి. కొత్త రంగు వేసిన యాక్సిల్ అయితే ఇంకా గట్టిగా రుద్దాలి, రంగు కింద ఏముందో అప్పుడే తెలుస్తుంది. వెంట్రుక లాంటి గీత కనిపించినా వదిలేయండి.

ఇంకో మాట. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వానకు హనుమకొండ, వరంగల్ కాలనీల్లో ఇళ్ళ ముందు బండ్లు నీట మునిగాయి. అలాంటి బండ్ల సామాను తర్వాత స్క్రాప్‌కు చేరుతుంది. దూలం లోపలి మడతల్లో సన్నటి బురద పేరుకుని ఉంటే అది మునిగిన బండిదని అనుకోవచ్చు. దూలం వరకు కడిగి చూసి తీసుకోవచ్చు కానీ, దాంతో వచ్చే బ్రేకు డ్రమ్ములను, బేరింగులను నమ్మొద్దు.

చివరగా బిల్లు. ఏ బండి నుంచి తీశారో అడిగి, ఆ వివరంతో రాయించుకోండి. దొంగ బండి సామాను మన దగ్గర దొరికితే జవాబు చెప్పాల్సింది మనమే.

స్ప్రింగు ఒక్కటే విరిగింది. ఒక్కటే మార్చొచ్చా?

వద్దు, జత మార్చండి. పదేళ్ళు మోసిన స్ప్రింగు పక్కన కొత్తది పెడితే బండి ఒక పక్కకు ఒరుగుతుంది, గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు వెనక భాగం సమంగా నిలబడదు. రెండోది కూడా అదే నీళ్ళలో, అదే మట్టిలో ఉన్నది కదా.

స్ప్రింగుల మీద రంగు గీతలు ఏంటి?

ఒకే మోడల్లో పెట్రోలుకూ డీజిలుకూ, వేరియంటును బట్టి స్ప్రింగు గట్టిదనం వేరుగా ఉంటుంది. కంపెనీవాళ్ళు గుర్తుకు రంగు చుక్కలు, గీతలు వేస్తారు. పాత స్ప్రింగును తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే మట్టి కింద ఆ రంగు కనిపించవచ్చు. కనిపించకపోతే ఛాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు తీయించుకోండి, అది రంగు కంటే నమ్మకం.

గ్యాస్ కిట్ పెట్టించాను, వెనక కుంగుతోంది. స్ప్రింగు మధ్య పెట్టే రబ్బరు బఫర్లు పనిచేస్తాయా?

డిక్కీలో సిలిండరు అంటే ఒక మనిషిని ఎప్పటికీ వెనక కూర్చోబెట్టినట్టే. బఫర్ పెడితే బండి కొంచెం లేస్తుంది, నిజమే. కానీ అది కొన్ని చుట్లను కదలకుండా ఆపేస్తుంది, ఆ భారమంతా మిగతా చుట్ల మీద పడుతుంది. మంచి స్ప్రింగుకు తాత్కాలికంగా పెట్టుకుంటే మీ ఇష్టం. కుంగిపోయిన స్ప్రింగును దాంతో లేపాలని చూస్తే మాత్రం అది విరగడానికి దగ్గరి దారి. కంపెనీ నుంచి గ్యాస్‌తో వచ్చే మోడలు మీ కారులో ఉంటే దాని స్ప్రింగుల పార్ట్ నంబరు అడగండి.

స్ప్రింగు ఒక చుట్టు కోస్తే బండి స్టైలుగా కిందికి వస్తుందంట కదా?

కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది, కదలడానికి చోటు తగ్గుతుంది, కొస గిన్నెలో సరిగా కూర్చోదు. జాకీ ఎత్తిన ప్రతిసారీ జారిపోయే ప్రమాదం ఉంటుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే కొలత స్ప్రింగు, అదే మోడలు యాక్సిల్ వేసుకుంటే ఆ టెన్షన్ లేదు.

షాకబ్సర్లు కూడా మార్చాలా?

నూనె కారుతుంటే మార్చాలి. లేకపోతే డిక్కీ మీద గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగితే బాగున్నట్టు, రెండు మూడుసార్లు ఊగితే పోయినట్టు. ఎట్లాగూ ఆ బోల్టులు విప్పుతారు కాబట్టి, పోయినవి ఉంటే ఇదే పనిలో మార్పిస్తే కూలి కలిసి వస్తుంది.

## పని జరిగే రోజు

ఇంటి ముందు నేనే చేసుకోవచ్చా?

స్ప్రింగుల వరకైతే, పాన పట్టిన అలవాటు ఉండి, తోడు ఒక మనిషి ఉంటే చేసుకోవచ్చు. యాక్సిల్ మొత్తం దించడం అంటే బ్రేక్ పైపులు విప్పాలి, అది షెడ్డుకే వదిలేయండి. ఏదైనా సరే, జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కింద తల పెట్టొద్దు. స్టాండ్లు లేకపోతే పని మొదలుపెట్టొద్దు. ఇటుకలు పెట్టి కింద దూరడం చాలాచోట్ల చూశాను, ఇటుక చెప్పకుండా పగులుతుంది. హ్యాండ్ బ్రేకు వదిలేయాల్సి వస్తుంది కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డం పెట్టి, బండిని గేర్లో ఉంచండి.

షాకబ్సరు వేరుగా, స్ప్రింగు వేరుగా ఉండే కార్లలో యాక్సిల్ కిందికి దించితే స్ప్రింగు వదులై వచ్చేస్తుంది. షాకబ్సరు మీదే స్ప్రింగు ఎక్కి ఉండే కార్లలో దాన్ని నొక్కిపట్టే పరికరం లేకుండా పై నట్టు విప్పకూడదు. ఆ స్ప్రింగు ఎగిరి తగిలితే దవడ విరుగుతుంది.

బోల్టు తుప్పుపట్టి రావట్లేదు. గ్యాస్ మంట పెడతామంటున్నారు.

ముందురోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి, పొద్దున మళ్ళీ కొట్టండి. మాకు అట్లా చేస్తే నాలుగింటిలో మూడు వచ్చాయి. నాలుగోదాన్ని కోయాల్సి వచ్చింది. పెట్రోల్ ట్యాంకు, బ్రేక్ పైపులు పక్కనే ఉంటాయి కాబట్టి అక్కడ మంట వద్దని గట్టిగా చెప్పండి. కోసిన బోల్టు బదులు అదే గట్టిదనం ఉన్నది వేయాలి. తలమీద అంకెలు ఉంటాయి, 8.8 ఉన్న చోట 8.8 కంటే తక్కువది వద్దు.

బుష్ బోల్టులు ఎప్పుడు బిగించాలి? ఎప్పుడైతే ఏంటి?

ఈ ఒక్కటి తెలియక నేను ఒక బుష్‌ల జత పోగొట్టుకున్నాను. యాక్సిల్ మార్చడానికి ఏడాది ముందు వేరే షెడ్డులో బుష్‌లు మార్పించాను. బండి లిఫ్టు మీద, చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టులు ఫుల్‌గా బిగించేశారు. ఐదు నెలలు తిరగకముందే మళ్ళీ అదే చప్పుడు. విప్పి చూస్తే కొత్త రబ్బరు ఒక వైపు అర్ధచంద్రాకారంలో చిరిగి ఉంది, చీలికలో వేలు పట్టేంత సందు.

కారణం ఏంటంటే, బుష్ లోపలి ఇనుప గొట్టాన్ని బోల్టు గట్టిగా పట్టేస్తుంది. తిరిగేది మధ్యలోని రబ్బరు ఒక్కటే. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, ఆ రబ్బరు అదే తన మామూలు స్థితి అనుకుంటుంది. బండి కిందికి దించగానే మెలితిరుగుతుంది, నిలబడి ఉన్నంతసేపూ మెలితిరిగే ఉంటుంది. కాబట్టి బోల్టును ముందు చేతివరకు పట్టించి వదిలేయాలి. బండిని దించి, చక్రాల మీద దాని బరువు పడ్డాక, నాలుగుసార్లు డిక్కీ నొక్కి వదిలి, అప్పుడు ఫుల్‌గా బిగించాలి. గుంట ఉన్న షెడ్డు అయితే సులభం. లేకపోతే యాక్సిల్ కింద జాకీ పెట్టి, బండి మామూలుగా నిలబడే ఎత్తుకు లేపి బిగించొచ్చు. పని మొదలుకాకముందే ఈ సంగతి ఉస్తాదుతో మాట్లాడుకోండి.

బ్రేక్ పైపు విప్పారు. తర్వాత ఏం చూడాలి?

పైపులో గాలి పూర్తిగా తీయాలి. మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టడం అలవాటు, మన కార్లలో అది సాధారణంగా వెనక ఎడమది. బ్రేక్ ఆయిల్ డాట్ 3 రకం కావాలా, డాట్ 4 రకం కావాలా అన్నది బండిలో ఆ ఆయిల్ పోసే డబ్బా మూతమీద రాసి ఉంటుంది. సీలు తీసి ఎప్పటినుంచో ఉన్న డబ్బాలోది పోయనివ్వకండి, ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బాడీ మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, లేకపోతే రంగు లేచిపోతుంది. కొన్ని కార్లలో వెనక బరువును బట్టి బ్రేకు బలాన్ని సర్దే వాల్వు, దానికి యాక్సిల్ నుంచి ఒక చిన్న రాడ్డు ఉంటాయి. మీ బండికి ఉంటే అది మళ్ళీ తగిలించారో లేదో కళ్ళతో చూడండి.

స్ప్రింగు తలకిందులుగా పెట్టే అవకాశం ఉందా?

ఉంది. కొస గిన్నెలోని మెట్టుకు ఆని కూర్చోవాలి. రబ్బరు మడత పడినా, కొస మెట్టు ఎక్కి కూర్చున్నా బండి ఒక పక్కకు లేచి ఉంటుంది. బండి దించే ముందు రెండు వైపులా టార్చి వేసి చూడండి.

## పని అయ్యాక

బండి ముందుకంటే వెనక ఎత్తుగా కనిపిస్తోంది. తప్పు స్ప్రింగులు వేశారా?

ఇన్నేళ్ళు కుంగిన బండిని చూసిన కళ్ళకు అట్లానే కనిపిస్తుంది. కొన్ని రోజులు తిరిగితే కొద్దిగా సర్దుకుంటుంది. అప్పటికీ ఎత్తుగానే ఉంటే పార్ట్ నంబరు సరిచూసుకోండి. రాత్రి హెడ్‌లైట్లు ఎక్కడ పడుతున్నాయో కూడా గోడ మీద చూసుకోండి, వెనక లేస్తే వెలుగు దగ్గర పడుతుంది.

వెనక చక్రాలకు అలైన్‌మెంట్ చేయించాలా?

ఈ రకం యాక్సిల్‌లో చాలా కార్లకు వెనక సర్దుబాటు ఉండదు. అయినా చూపించాలి, ఎందుకంటే తెచ్చిన పాత యాక్సిల్ సరైనదో కాదో చెప్పేది ఆ ప్రింటే. వెనక అంకెలు కంపెనీ ఇచ్చిన హద్దుల్లో లేకపోతే యాక్సిల్ వాపస్ ఇవ్వాలి. కొనేటప్పుడే వారం రోజుల వాపస్ మాట రాయించుకుంటే మంచిది. నేను రాయించుకున్నాను, అవసరం పడలేదు.

మొదటి వారం ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

100 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు, బుష్ బోల్టులు, షాకబ్సరు బోల్టులు మళ్ళీ పాన పెట్టి చూపించండి. హ్యాండ్ బ్రేకు ఏటవాలులో పట్టుతోందా చూడండి. కొంచెం దూరం పోయి ఆగి డ్రమ్ముల దగ్గర చేయి పెట్టండి: ఒకటి మామూలుగా, ఇంకొకటి కాలిపోతూ ఉంటే బ్రేకు పట్టేసినట్టు. ఏబీఎస్ లైటు వెలిగితే సెన్సర్ వైరు సరిగా తగలలేదని అనుమానించండి.

మళ్ళీ ఇంత తొందరగా పోకుండా ఏం చేయాలి?

వానాకాలం అయిపోగానే స్ప్రింగు గిన్నెల్లో నీళ్ళు బాగా కొట్టించి మట్టి కడిగించండి. వాటర్ సర్వీసులో అడిగితే చేస్తారు, అడగకపోతే ఎవరూ అక్కడి దాకా పోరు. ఇక బరువు. మేడారం పోయేటప్పుడు ఐదుగురం ఎక్కి, డిక్కీలో నిలువెత్తు బంగారం పెడతాం. బెల్లమే అయినా ఒక మనిషి ఎత్తు బరువు, అంటే ఆరో మనిషి. దానికి తోడు బియ్యం, గిన్నెలు, తిరుగు ప్రయాణంలో బంధువొకరు. అట్లాంటి రోజున డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఫుల్ లోడుకు రాసిన గాలి పెట్టించండి, స్పీడ్ బ్రేకర్ల మీద నడిచినంత మెల్లగా పొండి. వీలైతే బెల్లం అక్కడే జాతరలో కొనండి. 2026 జాతరకు మేము అదే చేశాం.